ముందు వరుస నవ్వు

వంటగది బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి

మరదలు పిల్లకి,

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోనైతే మీ అన్నయ్య పక్కగదిలో చెవులు రిక్కించి వింటారు, ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి మాటకీ సవరణలు చెబుతారు. ఉత్తరమైతే ఆ బాధ లేదు. నా అక్షరాలు చీమల బారులా ఉంటాయట, చదవాలంటే కళ్ళజోడు మార్చాలట.

సంగతేమిటంటే మీ స్టూడియో వాళ్ళు నన్ను పిలిచారు. టీవీలో "పై వాటా కింది వాటా" నవ్వుల కార్యక్రమం మొదలై ఇరవై ఏళ్ళయింది కదా, వార్షికోత్సవానికి రెండు వాటాల వాళ్ళకీ పోటీ పెడుతున్నారట. తీర్పు చెప్పడానికి ముగ్గురు. ఒకప్పటి హీరోయిన్ ఒకరు, చానెల్ పెద్దాయన ఒకరు, ప్రేక్షకుల తరఫున నేను.

నన్నే ఎందుకు అంటావేమో. ఇన్నేళ్ళుగా నేను వాళ్ళకి రాసిన ఉత్తరాలన్నీ దాచారట. పొగడ్తలేం కావు. పై వాటా మెట్లు ఒక వారం కుడి పక్కనా మరో వారం ఎడమ పక్కనా ఎందుకున్నాయి, కింది వాటా ఆవిడ ఉప్పు డబ్బాలోంచి చక్కెర ఎలా తీసింది, అలాంటివి. "మా కార్యక్రమాన్ని ఇంత శ్రద్ధగా చూసే మనిషి మా ఆఫీసులో కూడా లేరండీ" అని రాశాడు డైరెక్టరు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోలేక మళ్ళీ ఒకసారి చదివి ఫైల్లో పెట్టాను.

మీ అన్నయ్యకి చెప్పాను. "నువ్వా? నవ్వు మీద తీర్పా? మన పెళ్ళి ఫోటోలో కూడా నవ్వలేదు నువ్వు" అన్నారు.

"పక్కన మీరున్నారుగా" అన్నాను.

నేను పైకి నవ్వను, నిజమే. కానీ నాకో పద్ధతి ఉంది. టీవీ ముందు కూర్చుని బఠాణీలు వలుస్తాను. గింజలు గిన్నెలోకి, తొక్కలు బుట్టలోకి. జోకు మామూలుదైతే చెయ్యి తన పని తను చేసుకుపోతుంది. జోకు నిజంగా పేలితే గింజలు బుట్టలోకి పోతాయి, తొక్కలు గిన్నెలో పడతాయి. మనిషి మొహం అబద్ధమాడవచ్చు గానీ చెయ్యి ఆడదు. ఆ రోజు బఠాణీలు తెచ్చుకోనిస్తారో లేదో కనుక్కో.

ఇంకోటి. నువ్వక్కడే ముందు వరుసలో నవ్వే ఉద్యోగం చేస్తున్నావు. నిన్ను పలకరించవచ్చా, తెలియనట్టుండాలా?

మీ వదిన

*

స్టూడియో, మేకప్ గది బయట బెంచీ మీద నుంచి,
ఫిబ్రవరి చివర

మహా ఘనత వహించిన న్యాయమూర్తి వదినగారి సముఖానికి,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మేకప్ ఆవిడ తల బయటపెట్టి "ఇంకా షూటింగు మొదలవలేదమ్మా, ఎందుకు నవ్వుతున్నావు?" అంది. మా బతుకులిలా ఉన్నాయి. ఊరికే నవ్వామంటే నమ్మేవాళ్ళు లేరు.

నువ్వు టీవీలో వినే నవ్వు ఎలా పుడుతుందో నీకెప్పుడూ చెప్పలేదు కదూ. అసిస్టెంటు చేతిరుమాలు ఎత్తగానే ముందు వరుసలో మేం నవ్వాలి. మాలో మొదటి గొంతు నాది. నేనందుకుంటే పక్కవాళ్ళు అందుకుంటారు, వాళ్ళని చూసి వెనకున్న జనం. జనానికి నవ్వు రాక కాదు వదినా, అందరికంటే ముందు నవ్వడానికి మొహమాటం. ఆ మొహమాటం తీర్చడానికే నాకు జీతం.

ఇప్పుడు అసలు సంగతి. నీకు వాళ్ళు చెప్పి ఉండరు. ఈ పోటీ సరదాకి కాదు. చానెల్ వాళ్ళు కార్యక్రమాన్ని సగానికి కుదిస్తున్నారు. ఇకమీదట ఒక్క వాటాయే ఉంటుంది. ఓడిన వాటా వాళ్ళకి పూలగుత్తి చేతికిచ్చి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపిస్తారు. కింది వాటాలో అందరూ కుర్రవాళ్ళు, ఎక్కడికెళ్ళినా బతుకుతారు. పై వాటా ఆయన పరిస్థితి అది కాదు. వారికి ఈ వేషం తప్ప వేరే పని తెలియదు. యాభై దాటాయి. మోకాలి నొప్పి. పది రోజులుగా అన్నం సహించడం లేదు.

కాబట్టి నీ మార్కు పై వాటాకే పడాలి. ఇది సిఫారసు కాదు. న్యాయం నీకు ముందుగా గుర్తుచేస్తున్నాను, అంతే.

బఠాణీలు వేదిక మీదికి రానివ్వరు. ఆ రోజు మనం ఒకరికొకరం తెలియనట్టే ఉందాం.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర నుంచి,
మార్చి

అమ్మాయ్,

నువ్విచ్చిన కారణాలు ఒక్కొక్కటీ విడదీసి చూశాను.

యాభై దాటాయన్నావు. ఒప్పుకున్నాను, తెర మీద కనబడుతూనే ఉంది. మోకాలి నొప్పన్నావు. ప్రతి వారం ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం నేను చూస్తున్నాను. ఆ నొప్పి సంగతి నీకెవరు చెప్పారు? అన్నం సహించడం లేదన్నావు. ఆయన కంచం నీకెక్కడ కనబడింది? పోయినేడాది నీ మాటల్లో ఆయన "ఆ బట్టతల". ఈ ఉత్తరంలో ఏకంగా "వారు". మధ్యలో జుట్టేమైనా మొలిచిందా?

నేనేమీ అడగడం లేదు. చూసింది చెబుతున్నాను.

ఇక మార్కు విషయం. పెళ్ళయి నేను కొత్తగా వచ్చినప్పుడు నువ్వు చేసిన మొదటి కాఫీకి ఎన్ని మార్కులు వేశానో గుర్తుందిగా. నువ్వప్పుడు నాలుగు రోజులు మాట్లాడలేదు. అయినా మార్కు మార్చలేదు. ఆ తర్వాత నీకు కాఫీ పెట్టడం వచ్చింది. బంధుత్వానికి మార్కులు వేసేదాన్నయితే మీ అన్నయ్యకి ఈపాటికి బంగారు పతకం రావాలి.

ఆయన బాగా చేస్తే ఆయనకి వేస్తాను. కింది వాటా వాళ్ళు బాగా చేస్తే వాళ్ళకి. ఇందులో నిన్ను బాధపెట్టే ఉద్దేశం లేదు.

నువ్వు నా ఆడపడుచువని డైరెక్టరుకి ఫోన్లో చెప్పేశాను. దాచి కూర్చోవడం నా వల్ల కాదు. అభ్యంతరం లేదన్నాడు. ఎందుకు లేదో కూడా చెప్పాడు. ఆ మాట నీకు రాయను.

బఠాణీలకి ఒప్పుకున్నాడు. గిన్నె కెమెరాకి కనబడకుండా ఒళ్ళో పెట్టుకోవాలట.

మీ వదిన

*

నా గదిలో కిటికీ పక్క నుంచి,
మార్చి చివర

వదినా,

నువ్వు ఇంట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించినట్టు మనుషులకి కూడా అంటించకు. ఒక పెద్దమనిషికి మోకాలి నొప్పుందంటే పాపం అనడం కూడా తప్పేనా? కాంటీన్లో అందరం కలిసే తింటాం. కంచాలు కనబడతాయి. కళ్ళు మూసుకుని తినాలా?

డైరెక్టరు ఏమన్నాడో నాకు తెలుసు. "ముందు వరుస వాళ్ళు మా లెక్కలో లేరండీ" అని ఉంటాడు. వాళ్ళెప్పుడూ అనే మాటే. నువ్వు దాచినంత మాత్రాన నాకు తెలియకుండా పోదు.

నీ ఇష్టమొచ్చినట్టు వేసుకో. అడిగినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఈసారి స్కిట్లు రెండూ తలుపులు వేసుకుని తయారుచేస్తున్నారు. రిహార్సల్ గదిలోకి ముందు వరుస వాళ్ళని కూడా రానివ్వడం లేదు. ఎవరేం చెయ్యబోతున్నారో మాకెవరికీ అక్షరం ముక్క తెలియదు. కాబట్టి నేను నీకేదో ముందే చెప్పి నీ మనసు మారుస్తానని భయపడకు.

కాఫీకి నాలుగు మార్కులు వేశావు. మర్చిపోలేదు.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్

మరదలా,

వార్షికోత్సవమైన మర్నాడు రాస్తున్నాను. నిన్న నిన్ను హాలు బయట కూర్చోబెట్టించింది నేనే కాబట్టి లోపల జరిగింది నీకు తెలియజేయడం నా బాధ్యత. నువ్వు కోపంగా ఉన్నావని తెలుసు. చివర మెట్ల దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్ళావు. ఐనా పూర్తిగా చదువు.

ముందు కింది వాటా వాళ్ళు చేశారు. ఇంటికి చుట్టమొస్తున్నాడని తెలిసి వాళ్ళు లైట్లార్పి ఇంట్లో లేనట్టు నక్కుతారు. ఆయన గుమ్మంలో కూర్చుని "మీరు లేరు కదా, వచ్చేదాకా ఉంటాలెండి" అంటాడు. లోపల ఇంటాయనకి తుమ్మొస్తుంది. బయటాయన "చిరంజీవ" అంటాడు. లోపలాయన మర్యాదస్తుడు, ఉండబట్టలేక "థాంక్సండీ" అంటాడు. అక్కడ నా చెయ్యి ఒకసారి తడబడింది. ఒక తొక్క గిన్నెలో పడింది. అదంతా నువ్వూ చూశావు. నీ నవ్వు రుమాలు లేచిన క్షణానే లేచింది, చక్కగా, గడియారం కొట్టినట్టు.

తర్వాత పై వాటా ఆయన వచ్చాడు. కింది వాటా తలుపు తట్టాడు. తలుపు తియ్యరు. ఆయనొక్కడే, మూసిన తలుపుతో మాట్లాడుతున్నాడు. "ఏమండీ, మూడు రోజులుగా మీ ఇంట్లోంచి గొడవ వినబడటం లేదు. ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. బాగుంది. "కంచాలు విసరకపోతే పోయె, కాస్త గట్టిగానైనా మాట్లాడుకోవచ్చుగా. మాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. అదీ బాగుంది. "మొన్నటి గొడవ మీరు మధ్యలో ఆపేశారు" అని నోరు మూసి ఊపిరి తీసుకున్నాడు.

అప్పుడు నవ్వావు నువ్వు.

రుమాలు లేవలేదు. ఆయన మాట పూర్తి కాలేదు. నువ్వందుకున్నావని పక్కవాళ్ళు అందుకున్నారు, వాళ్ళని చూసి వెనక హాలంతా. ఆ హోరులో ఆయన పెదాలు కదలడం కనబడింది గానీ ఏమన్నాడో ఒక్కళ్ళకీ వినబడలేదు. హీరోయిన్ గారు నా వైపు వంగి "ఏమన్నాడు?" అంది. "ఇంకా అనలేదండీ" అన్నాను. ఆయన మొహం నేను చూశాను. అంతా నవ్వుతున్నారు, ఆయనొక్కడే నీళ్ళలో మునుగుతున్న మనిషిలా ఉన్నాడు. చానెల్ పెద్దాయన కాగితం మీద అప్పుడే ఏదో గీత గీశాడు.

రిహార్సల్ గదిలోకి నిన్ను రానివ్వలేదన్నావు. అక్షరం ముక్క తెలియదన్నావు. ఆయన పెదవి దాటని మాటకి నీకు నవ్వెలా వచ్చింది? ఆ మాట ఎక్కడో చాలాసార్లు విని ఉండాలి. ఎక్కడని నేనడగను.

అందుకే లేచి నిలబడి, "జోకు వినబడకుండా మార్కు వెయ్యలేను. ఆయన్ని మళ్ళీ చెయ్యమనండి. ముందు వరుస చివర కూర్చున్న ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమనండి" అన్నాను. డైరెక్టరు "ఎవరండీ?" అన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. నా మొహం చూడకుండా నువ్వు లేచి వెళ్ళిపోయావు.

ఆ తర్వాతది నీకు తెలియదు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. నీ ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. మొదటి రెండు మాటలకీ ఎవరూ నవ్వలేదు. నువ్వు లేకపోతే మొదట నవ్వేదెవరు? పక్కవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. రుమాలబ్బాయి రుమాలెత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. బయటికి పంపించి తప్పు చేశానా అనుకున్నాను. పై వాటా ఆయన తలుపుకి నుదురానించి, గొంతు తగ్గించి అన్నాడు: "మొన్నటి గొడవ మీరు మధ్యలో ఆపేశారు. తప్పెవరిదో తేల్చకుండా ఆపేస్తే ఎలాగండీ? మీ ఆవిడదని నేనూ, మీదని మా ఆవిడా. మా ఇంట్లో మూడు రోజులుగా మాటల్లేవు."

తర్వాత వెనక తలుపు దగ్గర నేల తుడిచే ఆవిడ బకెట్టు కింద పెట్టేసి గట్టిగా నవ్వింది. ఆవిడకి జీతం దానికి కాదు. ఆ తర్వాత అక్కడొకరూ ఇక్కడొకరూ, ఆపైన హాలంతా, ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు. ఎంతకీ ఆగలేదు.

కిందికి చూసుకుంటే గింజలన్నీ బుట్టలో ఉన్నాయి. గిన్నె నిండా తొక్కలే.

హీరోయిన్ గారు పై వాటాకి వేసింది. చానెల్ పెద్దాయన కింది వాటాకి వేశాడు. మూడోది నాది. పై వాటాకి వేశాను. నీ కోసం కాదని నువ్వు నమ్మాలి.

మీ వదిన

*

నా గదిలో కిటికీ పక్క నుంచి,
ఏప్రిల్ చివర

వదినా,

మూడు వారాలు నీ ఉత్తరం విప్పలేదు. నిన్న విప్పాను.

ముందు తిట్లు తిని, తర్వాత మిగతాది చదువు. నేల తుడిచే ఆవిడ నవ్వు చానెల్ పెద్దాయనకి ఎంత నచ్చిందంటే, మర్నాడే "జనం వాళ్ళంతట వాళ్ళే నవ్వుతుంటే మధ్యలో వీళ్ళకి జీతాలెందుకు?" అన్నాడట. ముందు వరుస మొత్తం ఎత్తేశారు. మాకు పూలగుత్తి కూడా ఇవ్వలేదు, లెక్కలో లేనివాళ్ళం కదా. ఆయన ఉద్యోగం నిలబెట్టమని నేనడిగాను. నువ్వు నిలబెట్టావు. నాది ఊడింది. ఇంత చక్కని తీర్పు నీకే చెల్లింది.

ఇక నువ్వు అడగనన్న సంగతులు. ఎనిమిది నెలలుగా సాయంత్రాలు ఆయన గదికి వెళ్ళి మాటలు అప్పజెప్పించుకుంటున్నాను. ఆయనకి పాఠం త్వరగా నోటికి రాదు. ఆ మూసిన తలుపు నేనే. అటు వైపు నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు ఆయన ఊపిరి తీసుకోగానే తర్వాతి మాట నా చెవిలో పడిపోయింది. రుమాలు చూడాలన్న సంగతే గుర్తు రాలేదు. ఆయన ఇంకా అననే లేదని నవ్వేశాక గానీ తెలియలేదు. నువ్వు వేలు పెట్టి చూపించినప్పుడు కోపమొచ్చిన మాట నిజమే. కానీ బయట బెంచీ మీద కూర్చుని, గోడ అవతల నుంచి ఆ రెండో నవ్వు విన్నప్పుడు ఏడ్చాను.

ఇన్నేళ్ళూ అన్నయ్య తెచ్చిన సంబంధాలన్నిటికీ నేను వంకలు పెట్టానుగా. ఒకాయన చెవులు పెద్దవన్నాను, ఇంకొకాయన నడక బాగాలేదన్నాను. ఈయనకి బట్టతల, మోకాలి నొప్పి, మతిమరుపు. వంక పెట్టాలని తోచలేదు. అన్నయ్యకి నువ్వే చెప్పు వదినా. నాకు నోరు రావడం లేదు.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర నుంచి,
మే

అమ్మాయ్,

నీ ఉద్యోగం పోయినందుకు నిజంగా బాధపడ్డాను. అది జరుగుతుందని నాకు తట్టలేదు. అన్ని వైపులా చూశాననుకున్నాను, నీ వైపు చూడలేదు.

మీ అన్నయ్యకి చెప్పాను. అన్నం తినడం ఆపి "ఎవరూ, పై వాటా వాడా? వాడు ప్రతి వారం కింది వాటా వాళ్ళ పేపరు వాళ్ళకంటే ముందు చదివేస్తాడు" అన్నారు.

"అది వేషమండీ."

"ఇరవై ఏళ్ళు వేస్తే వేషం కూడా అలవాటవుతుంది. చెల్లెలికి నచ్చాడా?"

"నచ్చాడు."

"చెవులెలా ఉన్నాయి?"

"మామూలుగానే ఉన్నాయి."

"అయితే రమ్మను" అన్నారు.

ఆదివారం మీరిద్దరూ వచ్చి వెళ్ళాక మీ అన్నయ్య మాటలు వినాలి. పై వాటా ఆయన గంటసేపు కూర్చుని నాలుగు మాటలు కూడా అనలేదుగా, "టీవీలో అంత వాగుతాడు, ఇంట్లో ఇంత నెమ్మదా?" అని ఆశ్చర్యపోయారు. "అలాంటివాణ్ణే కదా నేను ఇన్నేళ్ళు వెతికింది" అని కూడా అన్నారు. నీకు చెప్పొద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

మీ వదిన

*

మా ఇంటి నుంచి,
ఆగస్టు

వదినా,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. ముఖ్యంగా మా ఆయనకి.

నిన్న టీవీలో "పై వాటా" వస్తుంటే ఇంట్లో కూర్చుని చూశాను. ఇన్నేళ్ళలో నవ్వే పని లేకుండా చూడటం ఇదే మొదటిసారి. ఇంతకు ముందు రుమాలు ఎప్పుడు లేస్తుందా అని చూడటంతోనే సరిపోయేది. జోకు బాగుందో లేదో ఆలోచించే తీరిక ఎక్కడిది? నిన్న తీరిగ్గా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

అంత నవ్వొచ్చేవేం కావు వదినా. ఆ తలుపు స్కిట్టు ఒక్కటీ నిజంగా గొప్పదే, నువ్వు తప్పు తీర్పు చెప్పలేదు. మిగతావి నీ లెక్కన పదికి నాలుగు. ఇన్నాళ్ళూ నేను నవ్వుతున్నాను కాబట్టి గొప్పవనుకున్నాను.

ఈ మాట ఆయనకి ఎలా చెప్పను? ఆయన అసలు టీవీ వైపు చూడలేదు. పక్కన కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. ఒక్కో జోకు రాగానే కనుబొమలు పైకెత్తి, గుక్క బిగబట్టి, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా. నాలుగైదు జోకులు అలా పోయాయి. పాపం ఆ కనుబొమలు దిగడం లేదు. అది చూసి ఆపుకోలేక నవ్వేశాను, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అది నేనే కలిపిన మాట, స్క్రిప్టులో లేదు" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది" అన్నాను.

నీ ఆడపడుచు